మదనపల్లె మంచాలు, మద్రాసు లెక్కలు

దేశ ఆరోగ్య పరిస్థితిని పరిశీలించిన భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదికలో క్షయ సంగతి మూడు అంకెల్లో తేలిపోతుంది. దేశంలో రోగులు దాదాపు 25 లక్షలు. ఏటా పోతున్న ప్రాణాలు 5 లక్షలు. ఆ జబ్బు కోసం ఉన్న పడకలు సుమారు 6,000. ఒక్కో పడకకు 400 మందికి పైగా రోగులన్నమాట. ప్రతి పడకా ఏడాదికొకరికి చొప్పున ఖాళీ అవుతుందనుకున్నా, ఆ వరసలో చివరున్న మనిషి వంతు వచ్చేసరికి నాలుగు శతాబ్దాలు గడవాలి.

అయినా ఆ రోజుల్లో క్షయకు సరైన వైద్యం ఏమిటని ఏ పెద్ద డాక్టరును అడిగినా శానటోరియం అనే చెప్పేవారు. ఊరికి దూరంగా, చల్లని గాలి తగిలే చోట, నెలల తరబడి పూర్తి విశ్రాంతి, పాలు, గుడ్లు, కడుపునిండా తిండి. 1850లలో హెర్మన్ బ్రేమర్ అనే జర్మన్ వైద్యుడు సైలీషియా కొండల్లోని గోర్బర్స్‌డోర్ఫ్‌లో మొదలుపెట్టిన ఈ పద్ధతి యూరప్ అంతటా పాకి, 1906లో అజ్మీర్ దగ్గరి తిలౌనియాకు, 1908లో అల్మోరాకు చేరింది. దక్షిణాదిలో దానికి పెద్ద పేరు తెచ్చింది మదనపల్లె.

రాయలసీమ ఎండల నడుమ కాస్త చల్లగా ఉండే ఆ ఊరి పక్కన కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి కట్టిన శానటోరియం 1915లో అక్కడ పని మొదలుపెట్టింది. ఆ ఆవరణకు ఆరోగ్యవరం అని పేరు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్ దాన్ని నిలబెట్టారు. ఊపిరితిత్తి పక్కన గాలి నింపి దానికి విశ్రాంతినిచ్చే చికిత్సలు, పక్కటెముకలు తీసేసే ఆపరేషన్లు ఆ కాలపు శానటోరియాల్లో మామూలు. తర్వాత ఇలాంటివి మరికొన్ని వచ్చాయి. మద్రాసు పక్క తాంబరంలో 1928లో డాక్టర్ చౌరీ ముత్తు ఒకటి పెట్టారు, ఆ పేరుతో రైల్వే స్టేషన్ ఇవాళ్టికీ ఉంది. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల మీద ఒకటి వెలిసింది. మంగళగిరి శానటోరియం స్థలంలో ఇప్పుడు ఎయిమ్స్ నడుస్తోంది.

శానటోరియాలు మేలు చేయలేదనడం అన్యాయం. సొంతవాళ్ళు కూడా పళ్ళెం గ్లాసు వేరు పెట్టిన రోజుల్లో అవి రోగిని మనిషిగా చూశాయి. కానీ ఆ పడక మీద ఏడాది పడుకున్నందువల్ల వచ్చిన లాభం ఎంత, ఇంట్లో ఉండి ఉంటే ఏమయ్యేది అనే ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గరా లేదు. పోల్చి చూసినవాళ్ళే లేరు. పైగా ఆ వైద్యం ఖరీదులో సగం ఆస్పత్రి పద్దులో కనిపించేదే కాదు. సంపాదించే మనిషి ఏడాది ఇల్లు వదిలితే బియ్యం ఎవరు తెస్తారు? తల్లి వెళ్ళిపోతే చంటిబిడ్డ ఎవరి ఒళ్ళో పెరుగుతుంది? ఈ ఖర్చును ఇంటివాళ్ళే మోసేవారు, ఏ రిజిస్టరూ దాన్ని రాసుకోలేదు.

మందులు రావడంతో కథ మలుపు తిరిగింది. 1943లో స్ట్రెప్టోమైసిన్, ఆ వెనకే పాస్, 1952లో ఐసోనియాజిడ్. ఈ చివరిది మింగే మాత్ర, అందులోనూ చాలా చౌక. సూది అక్కర్లేదు, నర్సు అక్కర్లేదు. మరి మంచం మాత్రం ఎందుకు? ప్రశ్న తేలికైనదే. అడగడానికే ధైర్యం కావాలి. ఎందుకంటే ఇంటి వైద్యం విఫలమైతే రోగి ఒక్కడే నష్టపోడు, ఆ గదిలో పక్కన పడుకునే పిల్లలకూ జబ్బు అంటుకుంటుంది.

ఆ ప్రశ్న వెనక నిలబడ్డవారిలో డాక్టర్ పి. వి. బెంజమిన్ ఒకరు. స్వాతంత్ర్యం వచ్చాక భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారుగా పని చేసిన ఆయన అంతకు ముందు మదనపల్లె శానటోరియానికే సూపరింటెండెంటు. శానటోరియం లోతుపాతులు తెలిసిన మనిషి హయాంలోనే దాని అవసరాన్ని పరీక్షకు పెట్టారు. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి చేతులు కలిపి 1956లో మద్రాసు చేట్‌పట్‌లో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రాన్ని తెరిచాయి. వాలెస్ ఫాక్స్ అనే బ్రిటిష్ డాక్టరు దానికి మొదటి డైరెక్టరు.

పరీక్ష తీరు ఇది. మద్రాసు నగరంలో కఫంలో క్రిములున్న 193 మంది పేద రోగులను తీసుకున్నారు. ఎవరు ఇంట్లో ఉండాలి, ఎవరు శానటోరియానికి వెళ్ళాలి అన్నది డాక్టరు ఇష్టానికీ రోగి పలుకుబడికీ వదలకుండా చీటీలు తీసినట్టు నిర్ణయించారు. 1940ల చివర లండన్‌లో గణాంక శాస్త్రవేత్త బ్రాడ్‌ఫర్డ్ హిల్ స్ట్రెప్టోమైసిన్‌ను పరీక్షించినప్పుడు వాడిన పద్ధతే ఇదీ. ఇరువైపులా మందులు ఒకటే, ఐసోనియాజిడ్, పాస్ కలిపి ఏడాది పాటు. తేడా అంతా చుట్టూ ఉన్న లోకంలోనే. శానటోరియం రోగులకు పడక, నర్సులు, మంచి భోజనం, విశ్రాంతి. ఇంటి రోగులకు ఇరుకు గది, చాలీచాలని తిండి, కాస్త ఓపిక రాగానే మళ్ళీ కూలిపని. వాళ్ళు వారానికోసారి క్లినిక్‌కు వచ్చి మందులు తీసుకెళ్ళేవారు.

మందు ఇవ్వడం ఒక ఎత్తు, అది రోగి కడుపులోకి వెళ్ళిందో లేదో తెలుసుకోవడం ఒక ఎత్తు. పాస్ రోజుకు గ్రాముల కొద్దీ మింగాలి, కడుపులో తిప్పుతుంది. రెండు నెలల్లో దగ్గు తగ్గగానే మిగతా పది నెలలు మింగాలన్న ఆసక్తి ఎవరికైనా తగ్గుతుంది. అందుకని కేంద్రం సిబ్బంది చెప్పకుండా ఇళ్ళకు వెళ్ళి మిగిలిన మందులు లెక్కపెట్టేవారు, మూత్రం పరీక్షకు తీసుకునేవారు. రోగి తనంతట తాను మందు మింగడమనే సమస్య మీద ఫాక్స్ 1958లో రాసిన వ్యాసం ఈ అనుభవం నుంచే పుట్టింది.

1959లో ఫలితాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయ్యాయి. ఏడాది చివర జబ్బు సద్దుమణిగినవారు శానటోరియంలో 92 శాతం, ఇంట్లో 86 శాతం. ఉన్న రోగుల సంఖ్యకు ఈ తేడా ఐదారుగురి తేడా. బరువు మాత్రం శానటోరియం వాళ్ళే ఎక్కువ పెరిగారు. ఐదేళ్ళ పాటు వెంట ఉండి చూసినప్పుడు రెండు గుంపులూ దాదాపు ఒకే చోట నిలిచాయి. ఇక అందరూ భయపడిన విషయం, ఇంట్లోవాళ్ళకు అంటుకోవడం. 1966లో అచ్చయిన ఐదేళ్ళ లెక్క ప్రకారం, రోగి ఇంట్లోనే ఉన్న కుటుంబాలకు జబ్బు ఎక్కువగా ఏమీ రాలేదు. అంటుకునేదేదో రోగం బయటపడక ముందే అంటుకుంటోంది, మందు మొదలయ్యాక ప్రమాదం త్వరగా తగ్గిపోతోంది.

ఇవాళ ఇది చదివేవారికి మామూలు సంగతిలా అనిపించవచ్చు. కానీ వందేళ్ళుగా వైద్యలోకం నమ్మిన ఒక ఆచారం, భవనాలు కట్టి, ఉద్యోగాలిచ్చి, చందాలు పోగుచేసి నిలబెట్టుకున్న ఆచారం, మద్రాసు పేటల్లోని 193 మంది ముందు నిలబడలేకపోయింది. 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం ఇంటి దగ్గరి చికిత్సనే సిఫారసు చేసింది. ధనిక దేశాల్లో సైతం శానటోరియాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

మద్రాసు పరీక్షలో రూపాయల పట్టిక ప్రధానం కాదు. అయినా ఒక వైద్యం విలువ తూచడానికి కావలసిన సరుకంతా అందులో ఉంది. రెండు దారుల్లో ఒకటి పక్కా భవనంతో, నర్సులతో, వంటశాలతో నడిచేది. మరొకటి మందు పొట్లాలతో, ఇళ్ళకు వెళ్ళి చూసే కొద్దిమంది సిబ్బందితో నడిచేది. ఫలితం దాదాపు ఒకటే అయినప్పుడు, ఒక పడకకయ్యే డబ్బుతో ఎంతోమందికి వైద్యం చేయవచ్చని చెప్పడానికి అర్థశాస్త్రవేత్త అక్కర్లేదు. అంతకంటే ముఖ్యమైనది రోగి వైపు లెక్క. ఏడాది పాటు పిల్లల దగ్గరే ఉండగలగడానికి, పనిలోకి తొందరగా వెళ్ళగలగడానికి విలువ కట్టాలన్న ఆలోచన ప్రపంచానికి అప్పటికింకా రాలేదు.

ఆ ఆలోచన అక్షరరూపం దాల్చింది మరో జబ్బు విషయంలో. 1968లో అమెరికాలో హెర్బర్ట్ క్లార్మన్, ఆయన సహచరులు మూత్రపిండాలు చెడినవారికి డయాలిసిస్ మేలా, కిడ్నీ మార్పిడి మేలా అని లెక్క వేశారు. వారానికి రెండుమూడు రోజులు యంత్రానికి కట్టుబడి బతికే ఏడాది, మార్పిడి తర్వాత స్వేచ్ఛగా బతికే ఏడాది ఒకటి కాదని చెప్పి రెండోదానికి పావు వంతు విలువ ఎక్కువ వేశారు. ఆ పావు ఎవరినీ అడిగి వేసింది కాదు, వాళ్ళ అంచనా మాత్రమే. కానీ తలుపు తెరుచుకుంది. 1970లలో కెనడాలో జార్జ్ టోరెన్స్, ఇంగ్లండులో రేచల్ రోసర్ లాంటివారు ఆ విలువను మనుషులను అడిగి రాబట్టే పద్ధతులు కట్టారు. పూర్తి ఆరోగ్యంతో గడిచే ఏడాదికి 1, మరణానికి 0, నడుమ ఉన్నవాటికి నొప్పిని బట్టి, కదలికను బట్టి భిన్నాలు. క్వాలీ అనే కొలత అలా స్థిరపడింది. 1985లో యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ విలియమ్స్ వేసిన పట్టికలో తుంటి మార్పిడితో ఒక క్వాలీ దక్కడానికి 750 పౌండ్లు, ఆస్పత్రి డయాలిసిస్‌తో అయితే 14,000 పౌండ్లు. 1999లో పుట్టిన బ్రిటిష్ సంస్థ నైస్ ఈ కొలతతోనే ఏ మందుకు ప్రభుత్వం డబ్బు పెట్టాలో చెబుతూ, చాలా ఏళ్ళు క్వాలీకి 20,000 నుంచి 30,000 పౌండ్ల దగ్గర గీత గీసింది.

మన దేశంలో మాత్రం మద్రాసు తర్వాత క్షయ మీద పని బెంగళూరుకు మారింది. 1959లో అక్కడ జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. తర్వాతి రోజుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకే అధిపతి అయిన హాఫ్డాన్ మాలర్ అప్పట్లో ఆ సంస్థతో పని చేసేవారు. దేబబర్ బెనర్జీ, స్టీగ్ ఆండర్సన్ అనే ఇద్దరు తుమకూరు జిల్లా పల్లెల్లో తిరిగి అడిగిన ప్రశ్న గొప్పది. క్షయ ఉన్నవాళ్ళకు తమ ఒంట్లో ఏదో తేడా ఉందని తెలుసా? 1963లో అచ్చయిన జవాబు ప్రకారం దాదాపు అందరికీ తెలుసు. సగానికి పైగా అప్పటికే ఏదో ఒక ఆస్పత్రి గడప తొక్కారు కూడా. దగ్గు మందు సీసా ఇచ్చి పంపేశారంతే. పల్లె జనానికి తెలివిడి లేదన్న మాట పట్నం డాక్టర్ల నోట నలిగేది. తప్పు గడపకు అవతల కాదు, ఇవతలే ఉందని ఈ అధ్యయనం చూపించింది.

దాంతో ఖర్చు లెక్క మళ్ళీ తిరగబడింది. ఎక్స్‌రే వ్యాన్లు ఊరూరా తిప్పి రోగుల్ని వెతకడం ఎందుకు? దగ్గుతో తనంతట తానే వచ్చిన మనిషి కఫాన్ని ఆస్పత్రిలోనే సూక్ష్మదర్శినితో చూస్తే చాలదా? వ్యాన్ ఖరీదుతో ఎన్నో ఆస్పత్రులకు సూక్ష్మదర్శినులు వస్తాయి, అంటించే రోగి ఎవరో అవే పట్టిస్తాయి. ఈ ఆలోచనతో తొలి జిల్లా క్షయ కార్యక్రమాన్ని 1961లో అనంతపురంలో నడిపి చూశారు. మరుసటి ఏడాది నుంచి జాతీయ కార్యక్రమం జిల్లా నమూనాతోనే దేశమంతటా విస్తరించింది. కరువుకు పేరుపడ్డ ఆ జిల్లా ప్రజారోగ్య చరిత్రలో సంపాదించుకున్న ఈ చోటు తెలుగు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాలి.

ఆ తర్వాతి మూడు దశాబ్దాలు గర్వంగా చెప్పుకునేవి కావు. మద్రాసు ప్రయోగంలో ఇంటి వైద్యం గెలిచిందంటే వెనక చెప్పకుండా ఇళ్ళకు వెళ్ళిన సిబ్బంది ఉన్నారు, వారం వారం ఆగకుండా అందిన మందు ఉంది. దేశానికి విస్తరించినప్పుడు ఇంటి వైద్యం మిగిలింది, ఆ శ్రద్ధ మిగలలేదు. నిజానికి మందును ఎవరైనా ఎదురుగా ఉండి మింగించాలన్న పద్ధతిని కూడా మద్రాసు కేంద్రమే 1964లో వారానికి రెండుసార్ల చికిత్సతో పరీక్షించి చూపించింది. అది మనకు డాట్స్ అనే పేరుతో విదేశాల మీదుగా 1990లలో తిరిగివచ్చింది. 1992లో జాతీయ కార్యక్రమాన్ని సమీక్షించినప్పుడు తేలింది, వైద్యం మొదలుపెట్టినవారిలో సగం మంది కూడా పూర్తి చేయడం లేదని.

లెక్కలో ఒక పొరపాటు అప్పుడు స్పష్టమైంది. రోగికొకరికి అయ్యే మందు ఖరీదు చూస్తే పాత మందులు చౌక, రిఫాంపిసిన్‌తో కూడిన కొత్త మందులు ప్రియం. కానీ పాతవి ఏడాదికి పైగా వాడాలి, మధ్యలో మానేసేవాళ్ళే ఎక్కువ. కొత్తవి ఆరేడు నెలల్లో ముగుస్తాయి. ఒక రోగికి పెట్టే ఖర్చు బదులు నయమైన ఒక్కో రోగికి పడిన ఖర్చు చూడాలి. క్రిస్టఫర్ మర్రే, సహచరులు 1991లో మలావీ, మొజాంబిక్, టాంజానియాల లెక్కలతో ఇదే చూపించారు. ప్రియమైన మందే ఒక్కో ప్రాణానికి చౌకగా పడింది. అకాల మరణంతో, వైకల్యంతో పోయిన ఏళ్ళను కలిపి లెక్కించే డాలీ కొలతతో 1993లో ప్రపంచ బ్యాంకు నివేదిక వచ్చినప్పుడు క్షయ చికిత్స అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ మేలు చేసే వైద్యాల వరసలో నిలిచింది. 1946లో మంచాల లెక్కతో మొదలైన దేశానికి ఈ వరస అర్థం కావడానికి ఇంకెవరూ బోధించనక్కర్లేదు.

అయినా ఇవన్నీ ప్రభుత్వం జేబు లెక్కలు. రోగి జేబు సంగతి మళ్ళీ చెన్నై కేంద్రమే పట్టించుకుంది. 1999లో ఆర్. రాజేశ్వరి, సహచరులు తమిళనాడులో 304 మంది రోగులను అడిగి రాసిన అధ్యయనం కళ్ళు తెరిపిస్తుంది. సగటున ఒక్కో రోగికి చేతి నుంచి పోయింది దాదాపు 6,000 రూపాయలు. అందులో మందుల కంటే పోయిన కూలిదే పెద్ద వాటా. మూడు నెలల పని పోయింది. రోగుల పిల్లల్లో 11 శాతం మంది బడి మానేశారు. క్షయకు మందు ఉచితమని గోడల మీద రాసిన కాలంలో బయటపడిన నిజమిది.

హైదరాబాద్‌లో 1990లలో ఇంకో ప్రయోగం జరిగింది. మహావీర్ ఆస్పత్రి అనే ధర్మాసుపత్రి ప్రభుత్వ మందులు తీసుకుని, చుట్టుపక్కల ప్రైవేటు డాక్టర్లను కలుపుకుని, రోగి ఇంటికి దగ్గరలోనే మందు మింగించే ఏర్పాటు చేసింది. 2006లో కాథరిన్ ఫ్లాయిడ్, సహచరులు హైదరాబాద్, ఢిల్లీ ప్రయోగాల ఖర్చు తూచినప్పుడు రోగినీ ఆయన వెంట వచ్చే మనిషినీ లెక్కలోకి తీసుకున్నారు. ఈ పద్ధతిలో వాళ్ళ మీద పడిన భారం 50 నుంచి 60 డాలర్లు. మామూలు ప్రైవేటు వైద్యంలో అది 100 డాలర్లు దాటింది. బస్సు చార్జీ, పోయిన కూలి, తోడు వచ్చిన మనిషి రోజు, అన్నీ పద్దులోకి ఎక్కాయి. వైద్యం విలువ తూచడం అంటే ఇదీ.

తిండి మాట ఒకటి మిగిలిపోయింది. 1961లో మద్రాసు కేంద్రం రోగుల భోజనాన్ని విడిగా పరిశీలించి, మందు సరిగా పడితే తక్కువ తిండితోనూ జబ్బు సద్దుమణుగుతుందని చెప్పింది. ఆ మాట నిజం. కానీ పాలకులు దాన్ని తిండి అక్కర్లేదన్నట్టు అర్థం చేసుకున్నారు. శానటోరియం మంచంతో పాటు శానటోరియం వంటశాల కూడా పోయింది. ఇంటి రోగులు తక్కువ బరువే పెరిగారన్న అంకెను, 1959 నివేదికలోనే ఉన్న అంకెను, ఎవరూ మళ్ళీ తిరగేయలేదు.

2023లో దానికి బదులు వచ్చింది. జార్ఖండ్‌లో 2,800 మంది రోగుల కుటుంబాలతో అనురాగ్ భార్గవ బృందం చేసిన అధ్యయనంలో రోగులందరికీ ఆహారం ఇచ్చారు. సగం కుటుంబాల్లో మిగతావాళ్ళకు కూడా నెలకు మనిషికి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. అలా తిండి అందిన ఇళ్ళల్లో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తుల నుంచి అంటించే రకం అయితే 48 శాతం. టీకా స్థాయి మేలు బియ్యం పప్పులతో వచ్చింది.

ఇప్పుడు దేశంలో ఈ కొలతల పనికి ఒక చిరునామా ఉంది. 2017లో కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ ఏర్పరచిన వ్యవస్థ మందుల, పరికరాల, పరీక్షల ఖర్చును, మేలును తూచి చెబుతుంది. నాటి మద్రాసు కేంద్రం, నేటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ, అందులో భాగం. ఆరోగ్యస్థితులకు భారతీయులే చెప్పిన విలువల పట్టిక కూడా 2022లో వచ్చింది. ఇంగ్లండు జనం అభిప్రాయంతో మన రోగి నొప్పిని తూచవలసిన పని ఇక లేదు.

క్షయ రోగి పోషణకు 2018 నుంచి నెలకు 500 రూపాయలిచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. ఆ మొత్తం పెరగడం మంచిదే. కానీ మద్రాసులో వాలెస్ ఫాక్స్ సిబ్బంది మందు పొట్లం వారం తప్పకుండా చూసుకున్నంత జాగ్రత్తగా ఆ డబ్బు కూడా నెల తప్పకుండా చేరాలి. బడ్జెట్‌లో దాన్ని సాయం పద్దు కింద కాక చికిత్స పద్దు కిందే రాయాలి. ఇంట్లో మిగతావాళ్ళ బియ్యం పప్పులను కూడా అదే పద్దులో చేర్చాలి.